అక్షరం లేని అభిరుచి ఎవరిది?

గత సంక్రాంతికి రాజపాళయంలోని మా ఇంట బంధువులందరూ కలిసినపుడు జరిగిన ఒక చిన్న సంభాషణ ఈ వ్యాసానికి కారణం. మా అన్నగారి అమ్మాయి ఇంజనీరింగు చదివి చెన్నపట్టణంలో ఉద్యోగం చేస్తున్నది. ఈ తరం పిల్లలకు ఒక అలవాటు ఉన్నది. కొత్తగా పరిచయమైనవారిని ఊరూ పేరూ అడిగిన తరువాత, నీకు నచ్చిన పది సినిమాలు చెప్పు, పది నవలలు చెప్పు అని అడుగుతారు. ఆ జాబితాను బట్టి ఎదుటి మనిషి మనసును అంచనా వేస్తారు. జాతకాలను బట్టి, జీతాలను బట్టి మనుషులను కొలవడం కంటె ఇది వెయ్యి రెట్లు నయమైన కొలబద్ద అని నా నమ్మకం.

ఆ అమ్మాయి తన జాబితాను నాకు చూపింది. సినిమాలలో ‘మిస్సియమ్మ’, ‘మాయాబజార్’ ఉన్నాయి. నవలలలో కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’, కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’, ఆపైన కొన్ని ఆంగ్ల నవలలు ఉన్నాయి. తెలుగు నవల ఒక్కటి కూడా లేదు. ‘మాయాబజార్’ను తెలుగులో చూశావా అమ్మా అని అడిగాను. “అది తమిళ సినిమా కదా చిన్నాయనా! తెలుగులోకి డబ్బింగు చేసి ఉంటారు” అన్నది. తెలుగు నవలలు ఒక్కటీ లేవేమని అడిగాను. “ఇది నా సొంత అభిరుచి చిన్నాయనా. ఇందులోకి కూడా మీ ఉద్యమం రావాలా?” అన్నది.

నవ్వుతూనే అన్నది. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇరవై ఏండ్లుగా భాషాహక్కుల కోసం వినతిపత్రాలు రాస్తూ, న్యాయస్థానాల మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నవాడిని. ప్రభుత్వాలు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం నాకు అలవాటే. మన ఇంటి బిడ్డ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టమైంది. ఆ జవాబును ఇప్పుడు సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల ముందు పెడుతున్నాను. ఎందుకంటే మా ఇంట జరిగినది రేపు మీ ఇంట జరగబోతున్నది.

ఎంపిక అంటే ఏమిటి?

అభిరుచి ఎవరిది వారిదే. లోకం భిన్నరుచి అని మన పెద్దలు ఎన్నడో ఒప్పుకున్నారు. ఫలానా నవల నచ్చి తీరాలని ఎవరినీ శాసించలేము, శాసించకూడదు కూడా. అంతవరకు ఆ అమ్మాయి మాటతో నాకు పేచీ లేదు. నా ప్రశ్న వేరు. చూసి, చదివి, బేరీజు వేసి కాదన్నదానిని అభిరుచి అంటాము. చూడనిదానిని, చదవలేనిదానిని కాదనడం అభిరుచి ఎట్లా అవుతుంది? అన్నమే వండని ఇంటిలో పుట్టినవాడు నాకు అన్నం రుచించదంటే ఆ మాటకు విలువ ఏమిటి?

ఎంపిక అన్న మాట నా వృత్తిలో నిత్యం వినబడేదే. 2014 మే నెలలో సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక ప్రభుత్వ వ్యాజ్యంలో తీర్పు ఇస్తూ, ప్రాథమిక విద్య ఏ మాధ్యమంలో సాగాలో ఎంచుకొనే స్వేచ్ఛ బిడ్డదేననీ, బిడ్డ తరఫున తల్లిదండ్రులదేననీ, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదనీ చెప్పింది. ఆ తీర్పు వచ్చిననాడు మాతృభాషాభిమానులు చాలామంది బాధపడ్డారు. నేను మాత్రం ఆ తీర్పులోని ఎంపిక అనే మాటను గట్టిగా పట్టుకోవాలంటాను. ఎంపిక స్వేచ్ఛ ఉన్నదంటే ఎంచుకోవడానికి కనీసం రెండు వస్తువులు కళ్ళ ఎదుట ఉండాలి. ఒకే వస్తువును ముందు పెట్టి ఎంచుకొమ్మనడం స్వేచ్ఛ కాదు. తెలుగు బడి లేని ఊరిలో, తెలుగు పుస్తకం లేని గ్రంథాలయంలో, తెలుగు అక్షరం రాని ఇంటిలో పెరిగిన బిడ్డ చేసిన ఎంపికను సొంత అభిరుచి అనడం నాకు సమ్మతం కాదు. అది లేమి వేసిన ముద్ర. ఆ ముద్రను మనం బిడ్డ ముఖం చూసి అభిరుచి అని ముద్దుగా పిలుచుకుంటున్నాము.

మూడు తరాలలో పోయిన చదువు

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. మా అవ్వకు తెలుగు చదవడం వచ్చు. బడికి పోయి నేర్చినది కాదు, ఇంటి వద్దనే నేర్చినది. 1950లలో మద్రాసు నుండి వెలువడిన ‘తెలుగు స్వతంత్ర’ పత్రిక ఆమెకు ఎవరి ద్వారానో అందేది. అందులో డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ ధారావాహికంగా వచ్చింది. ఆ కాగితాలను మా అవ్వ జాగ్రత్తగా కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసుకున్నది. మా నాయనకు తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నాకు అదీ రాలేదు. ఇంటిలో తెలుగు మాట్లాడాను, బడిలో తమిళం చదివాను, న్యాయశాస్త్రం ఆంగ్లంలో చదివాను. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు చానళ్ళు మొదలై కేబులు ద్వారా మా ఊరికి చేరినపుడు పాత తెలుగు సినిమాలు చూసి పొంగిపోయాను. తెలుగు నాకు వచ్చునని గర్వపడ్డాను.

2006లో ఆ గర్వం అణిగింది. ఆ సంవత్సరం తమిళనాడు శాసనసభ తమిళ అభ్యసన చట్టాన్ని చేసింది. దాని వలన అల్పసంఖ్యాక భాషల పిల్లలకు కలిగే నష్టాన్ని వివరిస్తూ తయారైన ఒక వినతిపత్రాన్ని సభలో నా చేతికి ఇచ్చి, గట్టిగా చదివి సంతకం చేయమన్నారు. వినతిపత్రం తెలుగులో ఉన్నది. నేను చదవలేకపోయాను. పక్కనున్న పెద్దాయన చదివి వినిపించాడు. తెలుగు హక్కుల కోసం రాసిన ఆ పత్రం మీద నేను తమిళంలో సంతకం చేశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ వారమే ఓనమాలు దిద్దడం మొదలుపెట్టాను. నోట భాష ఉన్నది గనుక కొద్ది నెలలలోనే చదవడం వచ్చింది. ముందుగా చదివిన పెద్ద పుస్తకం మా అవ్వ కుట్టుకున్న ఆ నవలే. విశాఖపట్నంలో, పనిపాటలు లేని తండ్రిని తానే పోషిస్తూ, లోకం ఏమనుకుంటుందోనని ఆగకుండా బతికిన ఇందిర అనే అమ్మాయి కథ అది. కొన్ని పుటల అంచున పెన్సిలు గీతలు ఉన్నాయి. అవి మా అవ్వ పెట్టినవే కావాలి. ఇందిర దారిని మెచ్చి పెట్టిన గీతలా, తప్పుపట్టి పెట్టిన గీతలా? కల్యాణి నెమ్మది ఆమెకు నచ్చిందా, ఇందిర తెగువ నచ్చిందా? నేను అక్షరాలు నేర్చేనాటికి మా అవ్వ గతించి ఏడేండ్లయింది. ఇరవై ఏండ్లు ఒకే ఇంటిలో ఉన్నాను, ఆమె చేతి వంట రుచి నాకు తెలుసు, ఆమె మనసు రుచి నాకు తెలియదు. అడగడానికి కావలసిన చదువు నాకు ఆలస్యంగా వచ్చింది.

అందుకే అంటున్నాను. అవ్వ చదివింది, నాయన కూడబలుక్కున్నాడు, నేను విన్నాను, నా అన్నగారి బిడ్డ తమిళంలో చూసి అదే మూలమనుకుంటున్నది. ఒక భాష ఇంటిలో నుండి పోయే క్రమం ఇదే. ముందు అక్షరం పోతుంది. అక్షరం వెంట పుస్తకం పోతుంది. పుస్తకం వెంట అభిరుచి పోతుంది. మాట చిట్టచివరకు పోతుంది. మాట ఇంకా ఉన్నది కదా అని మనం ధైర్యంగా కూర్చుంటాము.

సినిమా చేసేది, సినిమా చేయలేనిది

మన వాళ్ళు వెంటనే ఒక మాట అంటారు: పిల్లలు తెలుగు సినిమాలు చూస్తున్నారు కదా, భాష ఎక్కడికి పోతుంది? ఈ మాటను నిదానంగా పరిశీలించాలి.

సినిమా తెలుగు తమిళాలకు ఉమ్మడి ఆస్తి. మద్రాసు స్టూడియోలలో పుట్టిన గొప్ప చిత్రాలు అనేకం కవలపిల్లలు. 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో తెలుగున ‘మిస్సమ్మ’, తమిళాన ‘మిస్సియమ్మ’ వచ్చాయి. రెండింటా సావిత్రి నాయిక. తెలుగున ఎన్.టి. రామారావు వేసిన పాత్రను తమిళాన జెమినీ గణేశన్ వేశాడు. 1957లో కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ను రెండు భాషలలోనూ తీశాడు. రెండింటా ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావే. తెలుగు అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. ‘పాతాళభైరవి’, ‘దేవదాసు’ కూడా ఇట్లాగే రెండు భాషలలో పుట్టాయి. కనుక ‘మాయాబజార్’ తమిళ సినిమా అన్న మా అమ్మాయి మాట పూర్తిగా అబద్ధం కాదు, సగం నిజం. మిగిలిన సగం ఆమెకు చెప్పవలసినవాళ్ళం మనం. చెప్పలేదు.

సినిమాకు అక్షరం అక్కరలేదు. 1978లో కె. బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ను తమిళ ప్రేక్షకులు మద్రాసులో తెలుగులోనే చూసి నెలల తరబడి ఆడించారు. చెవీ కన్నూ ఉంటే చాలు. అది సినిమా గొప్పతనం. కాని సరిగ్గా అందువల్లనే అది భాషకు కాపలాదారు కాలేదు. 2015లో ‘బాహుబలి’ తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి వచ్చింది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ దేశమంతటా అనేక భాషలలో ఆడింది. మా ఊరి పిల్లలు రెండింటినీ తమిళంలో చూశారు. వారికి ఏ లోపమూ కనబడలేదు, ఎందుకంటే సినిమా తన భాషను విడిచి ఇంకొక భాషను తొడుక్కొని రాగలదు.

నవల అట్లా కాదు. ‘కాలాతీత వ్యక్తులు’ ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ అనే సినిమా వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. హాయిగా చూడదగిన చిత్రమే. కాని నవల చదివినవారు ఆ చిత్రంలో ఇందిరను వెదికితే ఆ మనిషి దొరకదు. ఆమె మొండితనం, ఆమె ఒంటరితనం, తన తప్పులకు తానే బాధ్యురాలినని ఒప్పుకొనే ఆమె నిబ్బరం కాగితం మీదనే మిగిలిపోయాయి. మా ఇంటిలో సినిమా మాత్రమే చూసినవారికి ఆ కథ ఒక వినోదం. మా అవ్వకు మాత్రం పెన్సిలు పట్టుకొని ఆలోచించవలసిన వ్యవహారం. ఒకే కథ ఇద్దరి అభిరుచులను రెండు విధాలుగా మలిచింది. తేడా అక్షరంలో ఉన్నది.

మా అమ్మాయి జాబితాలోనే దీనికి రుజువు ఉన్నది. 2022లో మణిరత్నం తీసిన ‘పొన్నియిన్ సెల్వన్’ మొదటి భాగం చూసి, ఆ ఉత్సాహంలో కల్కి నవల ఐదు భాగాలూ కొని చదివింది. సినిమా నుండి నవలకు నిచ్చెన ఎక్కింది. తమిళంలో ఆ నిచ్చెనకు మెట్లు ఉన్నాయి, ఎందుకంటే ఆమెకు తమిళ అక్షరం వచ్చు. తెలుగులో అదే అమ్మాయి ‘దేవదాసు’ చూసినా, శరత్ నవలలను చక్రపాణి వంటివారు తెలుగు చేసిన పుస్తకాల దాకా ఎక్కలేదు. తెలుగు సినిమా ఆమెకు గోడకు వేసిన బొమ్మ వంటిది. తమిళ సినిమా తలుపు వంటిది. సినిమాతో భాష బతుకుతుందనే పెద్దలు ఈ తేడాకు జవాబు చెప్పాలి.

మన సంఘాలను కూడా ఇక్కడ మినహాయించను. ఉగాది సభ అనగానే పాత సినిమా పాటల పోటీ, పాత సినిమా వేషాల ప్రదర్శన. బహుమతి ఏమిటంటే స్టీలు గిన్నె. తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకొని వచ్చి పాడిన బిడ్డకు చప్పట్లు కొట్టి, భాషను కాపాడామని ఇంటికి పోతాము. ఆ బిడ్డ చేతిలోని కాగితాన్ని చూసి సిగ్గుపడవలసింది బిడ్డ కాదు.

కి.రా. నేర్పే పాఠం

ఆ జాబితాలో ‘గోపల్ల గ్రామం’ కూడా ఉన్నదని చెప్పాను. దానిని చూసి నేను సంతోషించాను, నొచ్చుకున్నాను కూడా. మా ప్రాంతపు కరిసల్ నేలలో, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్. తెలుగునాట నుండి ఒక కుటుంబం తన ఆడపడుచు మానం కాపాడుకోవడానికి దక్షిణానికి తరలివచ్చి, అడవి కొట్టి, ఊరు కట్టి నిలిచిన వృత్తాంతాన్ని ముసలమ్మ మంగత్తాయారు నోట చెప్పించిన నవల అది. 1976లో వచ్చింది. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన గతించినపుడు తమిళలోకం తన వానిని పోగొట్టుకున్నట్లు దుఃఖించింది.

మన వలస కథను చెప్పిన గొప్ప నవల తమిళంలో ఉన్నది. ఇది తమిళం చేసిన తప్పు కాదు. తమిళం ఆయనకు అక్షరం ఇచ్చింది, పాఠకులను ఇచ్చింది, గౌరవం ఇచ్చింది. ఆ భాషకు మనం చేతులెత్తి నమస్కరించాలి. తమిళం మనకు పగ కాదు, పెంచిన తల్లి. అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. నాలుగైదు వందల ఏండ్లుగా ఈ నేల మీద తెలుగు మాట్లాడుతూ బతికినవాళ్ళం, మన అవ్వలు చెప్పిన కథను మన అవ్వల భాషలోనే రాసుకోగల, చదువుకోగల స్థితిని ఎందుకు నిలుపుకోలేకపోయాము?

ఒకనాడు ఆ స్థితి ఉన్నది. రాజపాళయం నుండి బస్సు ఎక్కితే కొద్దిసేపటికే శ్రీవిల్లిపుత్తూరు చేరుతాము. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో చెప్పినది ఆ ఊరి విష్ణుచిత్తుని కథ, ఆ ఊరి గోదాదేవి కథ. తెలుగు మహాప్రబంధాలలో ఒకటి మా పొరుగూరి వీథులలో నడిచింది. ఇక మధుర మా జిల్లాకు ఆనుకొని ఉన్నది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో మధురను ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా ‘శ్రీరంగ మాహాత్మ్యము’ను తెలుగు వచనంలో రాశాడు. ఆయన ఆస్థానంలోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ‘జైమిని భారతము’ను వచనంగా రచించాడు. పద్యానిదే రాజ్యమైన ఆ కాలంలో తెలుగు వచనం తన కాళ్ళ మీద నిలబడినది ఈ దక్షిణదేశంలోనే. నవలకు వచనమే కదా ఊపిరి! వచనానికి ఊయల కట్టిన గడ్డ మీద నేడు తెలుగు నవల చదవగలిగినవారిని వేళ్ళ మీద లెక్కించవలసి వస్తున్నది.

చట్టం ఏమంటుంది, మనం ఏమంటున్నాము

రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఉపవాక్యం ప్రత్యేకమైన భాషగాని, లిపిగాని, సంస్కృతిగాని ఉన్న పౌరులకు దానిని కాపాడుకొనే హక్కు ఉన్నదని చెబుతుంది. భాష, లిపి, సంస్కృతి అని మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. భాష అన్న తరువాత లిపి అని మళ్ళీ ఎందుకు రాయాలి? లిపి పోతే మిగిలిన రెండూ ఎంతకాలమో నిలవవు గనుక అని నేను అర్థం చేసుకుంటాను. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలంటుంది. అదే సంవత్సరం చేర్చిన 350బి భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని నియమించమంటుంది.

ఇక 2006 నాటి చట్టం తమిళాన్ని మొదటి భాగంలోనూ, ఆంగ్లాన్ని రెండవ భాగంలోనూ, ఇతర పాఠ్యాంశాలను మూడవ భాగంలోనూ ఉంచి, మాతృభాషను నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా పెట్టింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకి 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు న్యాయస్థానాలకు పోయి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాదికి మినహాయింపు పొడిగించింది. ఏడాదికి ఏడాది వాయిదా వేసుకుంటూ బతకడం హక్కు కాదు, దయ. తమిళం నేర్వమని మేము ఎన్నడూ అనలేదు. ఈ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డకూ తమిళం రావాలి. తమిళంతో పాటు తెలుగుకూ పాఠ్యప్రణాళికలో గౌరవస్థానం ఉండాలన్నదే మా వాదన.

ప్రభుత్వం సంగతి సరే. 2011 జనగణన ప్రకారం తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. ఇంతమంది ఉండి, నాలుగవ భాగంలోనైనా తెలుగు కావాలని బడికి అర్జీ పెట్టినవారు మీ వీథిలో ఎందరు? బడిలో తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయని తీసివేయించినవారు ఎందరు? చట్టం ఒక తలుపు మూసింది, నిజమే. మిగిలిన కిటికీలను మూసుకున్నది మనమే.

ఒక కిటికీని ప్రత్యేకంగా చూపుతాను. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం మన దేశంలో రాష్ట్రస్థాయి గ్రంథాలయ చట్టాలకు దారి చూపింది. ఆ చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నుతో పాటే గ్రంథాలయ సుంకం కూడా వసూలవుతుంది. మీ పన్ను రసీదును ఒకసారి తీసి చూడండి. ఆ సుంకం కట్టేవారిలో తెలుగువారూ ఉన్నారు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో తెలుగు అర ఒకటి ఉండాలని అడిగే నైతికాధికారం మీకు ఉన్నది. యాభై కుటుంబాలు సంతకాలు చేసి, కావలసిన పుస్తకాల పేర్లు రాసి, జిల్లా గ్రంథాలయాధికారికి ఇస్తే కాదనడం తేలిక కాదు. ఆ పని చేయడానికి న్యాయవాది కూడా అక్కరలేదు.

ఇంటిలో చేయవలసినది

అయితే అక్షరం నేర్పడమంటే మందు తాగించడం కాకూడదు. పిల్లవాడికి ఓనమాలు రాగానే ‘వేయిపడగలు’ చేతిలో పెట్టి, ఇది మహాగ్రంథం, చదువు, లేకపోతే తెలుగువాడివి కావు అనే పెద్దలను నేను చూశాను. అట్లా పెట్టిన పుస్తకం మూతపడుతుంది, దానితో పాటు భాష కూడా మూతపడుతుంది. గొప్ప నవలలు మార్గదర్శులే గాని పోలీసులు కావు. ఎవరి స్వభావానికి తగిన దారిని వారికి చూపాలి. నవ్వుకోవాలనేవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ ఉన్నది. ఊరు దాటి పోయిన అమాయకుని పాట్లు మనవంటి ఊరు దాటినవారికి ఇంకా బాగా తెలుస్తాయి. లోకపు అన్యాయం మీద కోపం ఉన్నవారికి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ ఉన్నది. దానిని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని చెప్పండి, పిల్లలు తామే అడిగి చదువుతారు. లోలోపల మథనపడేవారికి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఉన్నది. పిరికితనం అంటే ఏమిటో తెలిసినవారికి రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఉన్నది. తన దారి తాను వెదుక్కొనే ఆడపిల్లకు శ్రీదేవి ఇందిర ఉన్నది.

మన మాట తీరు వేరు, పుస్తకాల తెలుగు మనకు అర్థం కాదని జంకేవారు ఉన్నారు. మన ఇంటి తెలుగు తక్కువది కాదు. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదవండి. పులికాటు సరస్సు చుట్టుపట్ల తెలుగువారి పలుకుబడిని అచ్చులో చూసినపుడు, ఇది మా అవ్వ మాట కదా అని మీరే అంటారు. సినిమాలలో మన యాస వినబడదు. పుస్తకంలో దానికి చోటు దొరికింది.

సరిహద్దు కుటుంబాలకు

హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి, పళ్ళిపట్టు, గుమ్మిడిపూండి ప్రాంతాల సోదరసోదరీమణులకు చివరగా ఒక మాట. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. మీకు సరిహద్దు దగ్గర. అటునుండి బస్సు వస్తుంది, పత్రిక వస్తుంది, చుట్టం వస్తాడు. కనుక భాషకు ఏమీ కాదని మీ ధీమా. మేము సరిహద్దుకు వందల కిలోమీటర్ల దూరాన, పడమటి కనుమల అడుగున ఉన్నాము. సంయుక్త మద్రాసు రాష్ట్రానికి 1949 నుండి 1952 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా మా ఊరి తెలుగింటి బిడ్డ. నూలు మిల్లులు కట్టినవారు మావారు. పదవికీ, ధనానికీ, పలుకుబడికీ మాకు లోటు లేదు. అయినా మా ఇండ్లలో అక్షరం నిలవలేదు. పదవి, ధనం భాషను కాపాడతాయనుకొనేవారు మా ఊరికి వచ్చి చూడండి. మేము మీకు వెనుకబడినవాళ్ళం కాదు. మీరు నడుస్తున్న దారిలో మీకంటె ముందు నడిచినవాళ్ళం.

మా అమ్మాయికి ఆ రోజు చెప్పలేని జవాబు ఇదే. అమ్మా, నీ అభిరుచిలోకి ఉద్యమం రాదు. నీ అభిరుచికి దక్కవలసిన సగాన్ని నీకు దక్కకుండా చేసిన మా తరం తప్పును సరిదిద్దడానికే ఉద్యమం. నీవు తెలుగు చదవడం నేర్చి, పది నవలలు చదివి, ఒక్కటీ నచ్చలేదని చెప్పు. ఆ మాటను నెత్తిన పెట్టుకుంటాను. అది నిజంగా నీ అభిరుచి అవుతుంది.

మా అవ్వ కుట్టుకున్న పుస్తకాన్ని ఆమెకు ఇచ్చాను. ఇంకా చదవలేదు, చదవడం రాదు గనుక. అంచున ఉన్న పెన్సిలు గీతలను మాత్రం చాలాసేపు చూసింది. ఏమి రాసి ఉన్నది చిన్నాయనా అని అడిగింది. నేను చదివి వినిపించలేదు. నేర్చుకొని నీవే చదువు అన్నాను. వేసవి సెలవులు వస్తున్నాయి. మీ ఇంటిలో కూడా అటువంటి పుస్తకం ఒకటి అటక మీద ఉండవచ్చు. దానిని దించండి. పలక కొనండి.